పాపతో తల్లి హైదరాబాద్ వెళ్లిపోయింది, తండ్రి భరణం ఆపేశాడు: విశాఖలో ఒక కస్టడీ కేసు

ఇది విశాఖపట్నంలో నడిచిన వ్యవహారం. ఎవరూ గుర్తుపట్టకుండా ఉద్యోగాలు, మొత్తాలు, తేదీలు కొంత మార్చాం. చట్టపరంగా కేసు తిరిగిన మలుపులు మాత్రం ఉన్నవున్నట్టే ఉంచాం. మేం తండ్రి తరఫున వాదించాం. కస్టడీ కేసులు కొత్తగా చేస్తున్న జూనియర్లకు, ఇలాంటి చిక్కులో ఉన్న తల్లిదండ్రులకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాం.

నేపథ్యం

భార్యాభర్తలు హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నారు. అప్పటికి పాపకు ఐదేళ్లు నిండాయి. కస్టడీ తల్లికి. పాప ఖర్చులకు తండ్రి ప్రతి నెలా 10వ తేదీలోపు 15,000 రూపాయలు తల్లి ఖాతాలో వేయాలి. తల్లి తనకంటూ భరణం అడగలేదు.

తండ్రి పాపను కలుసుకునే విషయం రాజీ షరతుల్లో ఒకే ఒక్క వాక్యం: "ప్రతి నెల రెండవ, నాల్గవ శనివారములలో ఉదయం 10 గంటల నుండి సాయంత్రం 5 గంటల వరకు రెండవ పిటిషనర్ పాపను తన వెంట తీసుకువెళ్లవచ్చును." (ఇక్కడ మొదటి పిటిషనర్ తల్లి, రెండవ పిటిషనర్ తండ్రి.) ఎక్కడి నుంచి తీసుకెళ్లాలో లేదు. పండగలు, వేసవి సెలవుల మాట లేదు. ఫోన్ ప్రస్తావన లేదు. ఊరు మారితే ఏం చేయాలో అసలే లేదు. 13బి రాజీ పత్రాల్లో నగలు, సామాన్లు, ఇచ్చిపుచ్చుకున్న సొమ్ము గురించి పేజీలకు పేజీలు ఉంటాయి, పిల్లల గురించి రెండు లైన్లు ఉంటాయి. ఈ కేసులో వచ్చిన ఇబ్బందంతా ఆ రెండు లైన్ల దగ్గరే మొదలైంది.

తండ్రిది గాజువాక వైపు ఒక పరిశ్రమలో మూడు షిఫ్టుల ఉద్యోగం. వీక్లీ ఆఫ్ మారుతూ ఉంటుంది. అందువల్ల రెండో శనివారం కుదరకపోతే ఫోన్ చేసి మూడో శనివారం ఎంవీపీ కాలనీ వెళ్లి పాపను తీసుకొచ్చేవాడు. తల్లీ అభ్యంతరపెట్టలేదు. మూడేళ్లు సర్దుబాటుగానే గడిచాయి. అయితే ఆ సర్దుబాటుకు కాగితం మీద ఎక్కడా ఆనవాలు లేదు. తర్వాత ఇదే మాకు అడ్డం తిరిగింది.

సమస్య ఏ రూపంలో వచ్చింది

వేసవి సెలవుల చివర్లో తల్లి నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది: "నాకు హైదరాబాద్‌లో మంచి జాబ్ వచ్చింది. పాపను అక్కడే స్కూల్లో చేర్పించాను. మా అన్నయ్య వాళ్లు దగ్గర్లోనే ఉంటారు. నువ్వు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు." తండ్రి విశాఖలోని స్కూలుకు పరిగెత్తేసరికి టీసీ తీసుకుని పది రోజులైంది.

ఆ కోపంలో జూన్ నుంచి డబ్బు పంపడం ఆపేశాడు. బంధువుల సలహాతో పోలీసు స్టేషన్‌లో కిడ్నాప్ ఫిర్యాదు ఇచ్చాడు. మా దగ్గరకు వచ్చింది నవంబరులో. చేతిలో మూడు కాగితాలు ఉన్నాయి: ఇది సివిల్ వ్యవహారం అంటూ పోలీసులు ముగించిన ఫిర్యాదు, ఐదు నెలల బకాయికి జీతం జప్తు చేయాలంటూ తల్లి విశాఖలోనే వేసిన ఈ.పీ. (డిక్రీ అమలు చేయించే పిటిషన్) నోటీసు, పాపతో మాట్లాడాలని ఆయన పంపిన పొడుగాటి మెసేజ్‌ల ప్రింట్లు. ఆ మెసేజ్‌లు చదివిన ఏ జడ్జికైనా ఆయన మీద సానుభూతి కలగదు. సగం తిట్లే.

"పాపను చూపించనప్పుడు డబ్బులెందుకు కట్టాలి సార్?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. ఇలాంటి తండ్రుల్లో చాలామంది అడిగే ప్రశ్నే ఇది. సమాధానం సూటిగానే చెప్పాలి. ఆ డబ్బు తల్లికిచ్చే అద్దె కాదు, పాప హక్కు. హిందూ దత్తత, భరణ చట్టం సెక్షన్ 20 ప్రకారం పిల్లల పోషణ తల్లిదండ్రులిద్దరి బాధ్యత. పాపను చూపించకపోవడం ఒక ఉల్లంఘన అయితే, డబ్బు ఆపడం వేరే ఉల్లంఘన. ఒకదానికి ఒకటి చెల్లు పెట్టుకోవడానికి వీల్లేదు.

ముందు బకాయి తీర్చడం

మా మొదటి నిర్ణయం ఇదే. తండ్రి ఒప్పుకోవడానికి టైం పట్టింది. "ఆ డబ్బు చేతిలో ఉంటేనే కదా ఆమె మాట్లాడటానికి వస్తుంది" అన్నాడు. ఎందుకు కాదన్నామో చెప్పాలి.

జీతం మామూలు అప్పు డిక్రీలో జప్తయ్యే తీరు వేరు, భరణం డిక్రీలో జప్తయ్యే తీరు వేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం భరణం డిక్రీ అమలులో జీతంలో మూడో వంతుకే రక్షణ. మిగిలిన రెండు వంతుల దాకా జప్తు చేయవచ్చు. జప్తు ఉత్తర్వు నేరుగా కంపెనీ జీతాల విభాగానికి వెళ్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. మనం విజిటేషన్ (పాపను కలుసుకునే ఏర్పాటు) కోసం పిటిషన్ వేస్తే, ఎదుటి పక్షం కౌంటర్ (రాతపూర్వక జవాబు) మొదటి పేరాలోనే "ఐదు నెలలుగా పాపకు రూపాయి పంపని తండ్రి" అని రాస్తుంది. ఆ మాట పడ్డాక మిగతా పేరాలు ఎంత బాగా రాసినా ఉపయోగం తక్కువ.

75,000 రూపాయల బకాయిని మూడు వారాల్లో రెండు విడతలుగా, 40,000 ఒకసారి, 35,000 ఇంకోసారి, నెఫ్ట్ ద్వారా వేయించాం. నగదు ఇవ్వనివ్వలేదు. రెండు యూటీఆర్ నంబర్లు (బ్యాంకు లావాదేవీ నంబర్లు), బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి, తన విజిటేషన్ హక్కులకు భంగం లేకుండా చెల్లిస్తున్నానని రాసి ఈ.పీ.లో మెమో వేశాం. పూర్తి చెల్లింపు నమోదై ఈ.పీ. ముగిసింది. ఆ నెల నుంచి బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించాం, ప్రతి 5వ తేదీ డబ్బు దానంతటదే వెళ్లేలా.

పనికిరాని దారులు, ఎందుకు పనికిరాలేదు

కిడ్నాప్ ఫిర్యాదు నిలవదు. డిక్రీ ప్రకారం కస్టడీ తల్లిదే. చట్టబద్ధమైన సంరక్షణలో ఉన్న పాపను ఆ సంరక్షకురాలే వేరే ఊరు తీసుకెళ్తే అపహరణ ఎలా అవుతుంది? పైగా ఆ ఫిర్యాదు కాపీనే తర్వాత తల్లి తన కౌంటర్‌కు జతచేసి, వేధింపుకు రుజువంది.

హైకోర్టులో హెబియస్ కార్పస్ (బిడ్డను కోర్టు ముందు హాజరుపరచమనే రిట్) వేద్దామని తండ్రి పట్టుబట్టాడు. 2019లో తేజస్విని గౌడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, కస్టడీకి చట్టపరంగా హక్కులేని వ్యక్తి దగ్గర బిడ్డ ఉన్నప్పుడే ఆ రిట్‌కు చోటు. కోర్టు డిక్రీతోనే కస్టడీ పొందిన తల్లి మీద వేస్తే అమరావతి దాకా వెళ్లి ఉత్త చేతులతో రావడమే.

గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 26 గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. చాలా డ్రాఫ్టుల్లో దీన్ని తప్పుగా వాడుతుంటారు. కోర్టు అనుమతి లేకుండా మైనరును పరిధి దాటించకూడదని అది చెబుతుంది, ఉల్లంఘిస్తే సెక్షన్ 44 కింద శిక్ష కూడా ఉంది. కానీ అది కోర్టు నియమించిన సంరక్షకులకు వర్తించే నిబంధన. ఇక్కడ తల్లిని ఎవరూ సంరక్షకురాలిగా నియమించలేదు. రాజీ షరతుల ప్రకారం కస్టడీ ఆమె దగ్గర ఉంది, అంతే. సెక్షన్ 26 మీద కేసు కడితే ఎదుటి లాయరు ఒక్క వాక్యంతో కూల్చేస్తాడు.

ఇక కోర్టు ధిక్కారం. ఊరు మారవద్దని డిక్రీలో లేనప్పుడు ఊరు మారడం ధిక్కారం కాదు. శనివారాలు పాపను చూపకపోవడం మీద మాత్రం కొంత బలం ఉంది. కానీ తండ్రి ఫలానా శనివారం పాప కోసం అడిగాడని, ఆమె కాదన్నదని చూపే ఒక్క ముక్క కూడా మా దగ్గర లేదు. ఉన్నవి తిట్లతో నిండిన మెసేజ్‌లే. వాటిని మనమే కోర్టుకు ఇవ్వడం కన్నా నష్టం ఉండదు.

ఏం అడగాలి, ఎక్కడ అడగాలి

"పాపను విశాఖకు తిరిగి తెప్పించండి" అన్నది తండ్రి కోరిక. తల్లిని తిరిగి రమ్మని కోర్టు ఆదేశించడం కుదరదు. ఆమెకు ఎక్కడైనా ఉండే, పనిచేసుకునే హక్కు ఉంది. కాబట్టి ఆ కోరికను కోర్టు భాషలో పెడితే "కస్టడీ నాకు మార్చండి" అనే అవుతుంది. ఇక్కడ తండ్రితో నిర్మొహమాటంగా మాట్లాడాం. నెలలో మూడో వంతు నైట్ షిఫ్టులు. ఇంట్లో ఉన్నది డెబ్భై దాటిన అమ్మ. ఎనిమిదేళ్ల ఆడపిల్లను ఉదయం స్కూలుకు తయారుచేసేది ఎవరు? తల్లి మీద నిర్లక్ష్యం ఆరోపించడానికి ఏమీ లేదు. కస్టడీ అడిగి ఓడిపోతే, ఆ ఓటమి తర్వాత అడగబోయే ప్రతిదాని మీదా పడుతుంది. రెండు సిటింగుల తర్వాత ఆయన ఒప్పుకున్నాడు: దూరానికి సరిపడేలా విజిటేషన్ తిరగరాయమని అడుగుదాం.

ఎక్కడ వేయాలన్నదే కేసులో అసలు కీలకం. గార్డియన్స్ చట్టం కింద వేస్తే సెక్షన్ 9 ప్రకారం మైనరు మామూలుగా నివసించే చోటి కోర్టుకే అధికారం. పాప హైదరాబాద్‌లో చేరి ఆరు నెలలైంది. తల్లి సులువుగా "ఇక్కడి కోర్టుకు అధికారం లేదు" అనేది, ఆ ఒక్క ప్రశ్న మీదే ఏడాది గడిచేది. రెండు రాష్ట్రాలు, రెండు హైకోర్టులు. బదిలీ కావాలంటే సుప్రీంకోర్టుకే వెళ్లాలి.

అందుకే హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 ఎంచుకున్నాం. రెండు చట్టాల్లోనూ నంబరు 26 కావడంతో జూనియర్లు తికమకపడతారు, జాగ్రత్త. డిక్రీ ఇచ్చిన తర్వాత కూడా పిల్లల కస్టడీ, పోషణ, చదువు గురించి ఎప్పటికప్పుడు ఉత్తర్వులు ఇచ్చే, పాతవి మార్చే అధికారాన్ని ఈ సెక్షన్ ఆ కోర్టుకే ఉంచింది. పాప ఎక్కడుందన్న ప్రశ్నతో పనిలేదు. పరస్పర అంగీకారంతో వచ్చిన షరతులు కదా, ఎలా మారుస్తారన్న వాదనకు 1973 నాటి రోసీ జాకబ్ తీర్పు జవాబు: పిల్లల సంక్షేమం కోరితే కస్టడీ ఉత్తర్వులు ఎప్పుడైనా మార్చవచ్చు. ముగిసిపోయిన ఓ.పీ.లో (అసలు విడాకుల పిటిషన్‌లో) మళ్లీ పిటిషన్ ఏమిటని ఫైలింగ్ దశలో అభ్యంతరం రావచ్చు. సెక్షన్‌లోని మాటలనే పిటిషన్ మొదటి పేరాలో ఎత్తి రాస్తే ఆ ఇబ్బంది ఉండదు.

తల్లి వైపు నుంచి బదిలీ పిటిషన్ రాకుండా ఇంకో జాగ్రత్త తీసుకున్నాం. మామూలు వాయిదాలకు ఆమె వీడియో ద్వారా హాజరైతే మాకు అభ్యంతరం లేదని మొదటి వాయిదాకే మెమో వేశాం. ఉద్యోగం, పాప, ప్రయాణం అనే కారణాలు చూపే అవసరం ఆమెకు లేకుండా పోయింది.

సాక్ష్యం తయారీ

పిటిషన్ వేయడానికి ముందు రెండు నెలలు తండ్రి చేత ఒకే పని చేయించాం. డిక్రీలో ఉన్న ప్రతి శనివారానికి మూడు రోజుల ముందు ఒక మెసేజ్. దాని మాటలు మేమే రాసిచ్చాం: "ఈ శనివారం పాపను కలవాలి. హైదరాబాద్ వస్తాను. ఎన్ని గంటలకు, ఎక్కడికి రమ్మంటావో చెప్పు." అంతకు మించి ఒక్క అక్షరం రాయొద్దన్నాం. జవాబు వచ్చినా రాకపోయినా స్క్రీన్‌షాట్. నాలుగింటిలో ఒకదానికి "చూద్దాం" అని వచ్చింది, మూడింటికి ఏమీ రాలేదు. పాత మెసేజ్‌లన్నీ కలిపి చెప్పలేనిది ఈ నాలుగూ చెప్పాయి.

వాట్సాప్ ప్రింట్లు ఊరికే జతచేస్తే సరిపోదు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఎ భాగం కక్షిదారు ఇవ్వాలి, బి భాగం నిపుణుడు ఇవ్వాలి, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) కూడా రాయాలి. పాత సాక్ష్య చట్టంలోని 65బి నమూనాను కాపీ కొట్టి దాఖలు చేస్తే ఎదుటి పక్షం మార్కింగ్ (పత్రాన్ని సాక్ష్యంగా నమోదు చేయడం) దగ్గరే ఆపుతుంది. ఫోన్ మార్చకుండా, చాట్ చెరపకుండా ఉంచమని కక్షిదారుకు మొదటి రోజే చెప్పాలి.

కౌంటర్, మీడియేషన్

తల్లి కౌంటర్‌లో రెండు వాదనలు గట్టివి. ఒకటి, మూడేళ్లలో డిక్రీ శనివారాల్లో సగానికి పైగా తండ్రి రాలేదు. అక్షరాలా అది నిజమే, వేరే శనివారాల్లో వచ్చాడు కాబట్టి. ఆయన డ్యూటీ చార్టులు, యూపీఐలో పార్కు టికెట్లకు, హోటళ్లకు కట్టిన చెల్లింపులు తేదీలవారీగా పెట్టి దీన్ని తిప్పికొట్టాం. ఇంకోటి, హైదరాబాద్‌లో తండ్రికి ఇల్లు లేదు, ఆడపిల్లను లాడ్జిలో ఉంచనివ్వను. ఈ భయం న్యాయమైనదే. వాదించకుండా ఒప్పుకుని, తండ్రి అక్కగారు హైదరాబాద్‌లోనే ఉంటారని, రాత్రి బస ఆమె ఇంట్లోనే అని ఆమె అఫిడవిట్‌తో సహా దాఖలు చేశాం. ఈ మేనత్తంటే పాపకు ముందునుంచీ చనువు.

మొదటి మీడియేషన్ (మధ్యవర్తి సమక్షంలో రాజీ చర్చ) విఫలమైంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పెళ్లినాటి సంగతులు తవ్వుకున్నారు. రెండోసారి మేం, ఎదుటి లాయరు ముందే మాట్లాడుకుని రెండు కాగితాలు తప్ప బల్ల మీద ఏమీ ఉండకూడదనుకున్నాం: పాప స్కూలు డైరీలోని సెలవుల పేజీ, తండ్రి డ్యూటీ చార్టు. మీడియేటర్ పెన్సిల్‌తో రెంటినీ పక్కపక్కన గుర్తుపెడుతూ పోయారు. బి షిఫ్టు వారం శుక్రవారం రాత్రి పదికి డ్యూటీ దిగేవాడు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కలేడు. ఎ షిఫ్టు వారంలో మధ్యాహ్నం రెండుకు దిగితే ఎక్కగలడు, శనివారం తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో ఉంటాడు. అంటే "రెండో శనివారం" అన్న పాత షరతు ఈ మనిషి జీవితానికి ఎప్పుడూ సరిపోలేదు. "నెలకో వారాంతం, ఎ షిఫ్టు వారంలో" అంటే సరిపోతుంది. గొడవలో సగం ఆ పెన్సిల్ గీతల దగ్గరే తేలిపోయింది.

జడ్జి పాపతో ఛాంబర్‌లో విడిగా మాట్లాడారు. అంతకుముందు కౌన్సెలర్ ఇచ్చిన నివేదికలో పాపకు కొత్త స్కూలు నచ్చిందని, నాన్న ఎప్పుడొస్తాడని రెండుసార్లు అడిగిందని ఉంది. పిల్లలకు ముందే మాటలు నేర్పి పంపకండి. ఐదు నిమిషాల్లో బయటపడుతుంది, నేర్పినవాళ్లకే నష్టం.

ఉత్తర్వులో ఏముంది

నెలకో వారాంతం తండ్రి హైదరాబాద్ వస్తాడు. ఏ వారమో ముందు నెల 25వ తేదీలోపు మెసేజ్ పెట్టాలి. మొదటి మూడు నెలలు శని, ఆదివారాలు ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా మాత్రమే, ఆ తర్వాత శనివారం రాత్రి పాప మేనత్త ఇంట్లో బస. అప్పగింత తల్లి ఉండే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర. దసరా సెలవుల్లో సగం, సంక్రాంతి సెలవుల్లో సగం, వేసవిలో మూడు వారాలు పాప విశాఖలో. ఇక్కడ "పాప చదివే స్కూలు క్యాలెండర్ ప్రకారం" అని పట్టుబట్టి రాయించాం. సంక్రాంతికి ఆంధ్రలో ఇచ్చినన్ని సెలవులు తెలంగాణలో ఉండవు. ఆ మాట లేకపోతే జనవరిలో మళ్లీ కోర్టుకే.

వీడియో కాల్ వారానికి మూడు రోజులు, రాత్రి 7:30కి అరగంట. తండ్రి బి షిఫ్టులో ఉన్న వారం మాత్రం ఉదయం 7 గంటలకు పావుగంట, స్కూలు బస్సు రాకముందే. తల్లిదండ్రులు వేర్వేరు ఊళ్లలో ఉన్నప్పుడు కస్టడీ లేనివాళ్లు బిడ్డతో వీలైనంత తరచుగా మాట్లాడగలగాలని 2020లో యశిత సాహు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను దీనికోసమే ఉదహరించాం. స్కూలు రికార్డులో తండ్రి ఫోన్ నంబరు చేర్చాలి, పేరెంట్ యాప్ లాగిన్ ఆయనకూ ఇవ్వాలి.

భరణం దగ్గర తండ్రి తగ్గించమన్నాడు, తల్లి పెంచమంది. రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తి, అప్పుల అఫిడవిట్లు వేశారు. తల్లి జీతం పెరిగింది, స్కూలు ఫీజూ పెరిగింది. 15,000 అలాగే ఉంచి, పెరిగిన ఫీజును చెరిసగం చేశారు. ప్రయాణ ఖర్చుల్లో తండ్రి నెలవారీ రాకపోకలు ఆయనవే. సెలవులకు పాపను విశాఖ తీసుకొచ్చే ఖర్చు తల్లిది, తిరిగి దిగబెట్టే ఖర్చు తండ్రిది. ఊరు మారింది ఆమె కాబట్టి దూరం భారమంతా తండ్రి మీదే వేయడం సరికాదన్న మా వాదన అంతవరకు నెగ్గింది.

అమలులో మొదటి నెలల్లోనే చిక్కులు వచ్చాయి. 7:30 కాల్ పాప ట్యూషన్‌తో ఢీకొంది. కోర్టుకు పరిగెత్తకుండా ఇద్దరు లాయర్ల సంతకాలతో జాయింట్ మెమో వేసి 8 గంటలకు మార్చాం. ఒక నెల తండ్రి తేదీ చెప్పడం మరిచిపోయాడు, ఆ నెల పోయింది. 25వ తేదీ నిబంధన ఆయనకూ వర్తిస్తుందని అప్పుడే తెలిసొచ్చింది.

కొత్త డ్రాఫ్టుల్లో పెట్టాల్సిన షరతు

ఊరు మారడం గురించి ఈ ఉత్తర్వులో చేరిన షరతును ఇప్పుడు మా 13బి డ్రాఫ్టులన్నిటిలో పెడుతున్నాం: "పాప నివాసమును లేదా పాఠశాలను ప్రస్తుత నగరము వెలుపలకు మార్చదలచిన యెడల, మొదటి పిటిషనర్ కనీసం 60 రోజులు ముందుగా కొత్త చిరునామా, పాఠశాల వివరములు, ప్రతిపాదిత విజిటేషన్ షెడ్యూలుతో రెండవ పిటిషనర్‌కు రాతపూర్వకముగా తెలియజేయవలెను. రెండవ పిటిషనర్ 15 రోజులలో రాతపూర్వకముగా అభ్యంతరము తెలిపిన యెడల, కోర్టు అనుమతి పొందువరకు పాప నివాసమును మార్చరాదు."

ఇందులో "పాప నివాసము" అన్న మాట ముఖ్యం. "మొదటి పిటిషనర్ ఊరు మారరాదు" అని రాస్తే అది తల్లి హక్కు మీద ఆంక్ష అవుతుంది, నిలవడం కష్టం. 60 రోజులు ఎందుకంటే టీసీ, కొత్త అడ్మిషన్ మొదలుకాకముందే కోర్టు ఒక వాయిదా అయినా వినగలగాలి. 15 రోజుల గడువు లేకపోతే అభ్యంతరం చెప్పాల్సినవాళ్లు మౌనంగా కూర్చుని చివరి రోజున అడ్డం తిరుగుతారు.

తల్లిది విదేశీ ప్రాజెక్టులున్న కంపెనీ కాబట్టి ఇంకో షరతు చేర్చాం. పాప పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తే రెండో పక్షానికి ముందే చెప్పాలి, కోర్టు అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం లేదు. పాప ఇంకో దేశంలో స్థిరపడ్డాక విశాఖ ఉత్తర్వును అక్కడ అమలు చేయించాలంటే ఆ దేశపు కోర్టులో మొదటి నుంచీ మొదలుపెట్టాలి. ఈ షరతుకు తల్లి మొదట ఒప్పుకోలేదు. తిరుగు టికెట్టు, బస చిరునామా చూపితే 30 రోజుల్లోపు విహారయాత్రలకు తండ్రి అభ్యంతరం పెట్టడని పక్కనే ఒక వాక్యం రాసిచ్చాక సంతకం పెట్టింది.